జీతం లేని పంతులమ్మ

“మా ఆవిడకి ఇంట్లో పొద్దుపోదండి. అందుకని వీళ్ళకి కాస్త కుట్టుపని చూపిస్తుంటుంది,” అన్నారు మా ఆయన కృపానందం గారు, వసారాలో కూర్చున్న ఆడవాళ్ళని చూపిస్తూ, విజయవాడ నుంచి వచ్చిన సేవా సంఘం పెద్దలతో. నేను అప్పుడు వాళ్ళకి కాఫీలు అందిస్తున్నాను. గ్లాసులు కడిగి, అన్నం వార్చి, అత్తగారికి కాళ్ళకి తైలం రాసి, మళ్ళీ వసారాలోకి వెళ్ళి నలుగురికి జాకెట్టు కత్తిరింపు చెప్పాలి. పొద్దు ఎక్కడ పొడిచిందో, ఎక్కడ గుంకిందో చూసి నాకు ఎన్నేళ్ళయిందో.

పేదరికం పోవాలని మా తిరువూరు గోడల నిండా రాసిన రోజులవి. మా ఆయన హెడ్మాస్టరు. పత్తి చేలకీ వరి కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళకి ఏదైనా పని నేర్పితే బతుకు మారుతుందని సంఘం వాళ్ళకి చెప్పి, రెండు కుట్టుమిషన్లు తెప్పించి మా వసారాలో వేయించారు. మంచి పనే. పెళ్ళికి ముందు హాస్టల్లో కుట్టు నేర్చుకున్నదాన్ని కనుక నేర్పే పని నాకు వచ్చింది. శనివారం శనివారం ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, “మీ మీద మీకు నమ్మకం ఉండాలి, మీ కష్టానికి విలువ ఉందని మీరే తెలుసుకోవాలి,” అని చెప్పేవారు. ఆయన గొంతు బాగుంటుంది. వంటింట్లో పప్పు ఎనుపుతూ ప్రతి మాటా వినేదాన్ని. అది నాకూ చెబుతున్నారని ఎప్పుడూ అనిపించలేదు.

వచ్చినవాళ్ళలో రిబ్కా అనే పిల్ల ఉండేది. ఎ.కొండూరు నుంచి కాపురానికి వచ్చింది. మొగుడు ఒకనాడు ఉంటే ఒకనాడు ఉండడు. కొడవలి పట్టి బొబ్బలు కట్టిన చేత్తో కత్తెర అందుకుని, మళ్ళీ కింద పెట్టేసింది.

“కోస్తే మళ్ళీ అతకదండి అమ్మగారూ. పరాయి గుడ్డండి,” అంది.

లోపలికి వెళ్ళి నా చీర తెచ్చి దాని ముందు పరిచాను. పాత చీర కాదు, ఆదివారం చర్చికి కట్టుకునేది. “ఇది నాది. పాడు చేసినా నిన్నెవరూ అడగరు. కొయ్యి,” అన్నాను. పెదవి కొరుక్కుని కోసింది. వంకరగానే వచ్చింది. మర్నాడు తిన్నగా వచ్చింది. ఏడాది తిరక్కుండా బస్టాండు సందులో చిన్న గది అద్దెకి తీసుకుని, మిషను పెట్టుకుంది. సంఘం సభలో దాన్ని వేదిక మీద నిలబెట్టి మా ఆయనకి శాలువా కప్పారు. ఆ శాలువాని మడతపెట్టి బీరువాలో పెట్టింది నేను.

ఆ సభ తరవాతే మా వసారాలోని కుట్టు కేంద్రానికి జీతం మీద టీచరు ఉద్యోగం మంజూరైంది. ఆ మాట విన్న మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు, సంతోషంతో. సాయంత్రం ఆయనే చెప్పారు, నందిగామ నుంచి ప్రేమావతి అనే అమ్మాయిని వేయించానని. “ఇంటి మనిషికే ఇప్పించుకున్నానంటారు నలుగురూ. అయినా నీకు జీతమెందుకు, నేనేం తక్కువ చేశాను? ఆ అమ్మాయి కొత్త. నువ్వు పక్కనుండి చూసుకో.”

చూసుకున్నాను. చంక దగ్గర ఎంత దింపాలో, మెడ ఎక్కడ తిప్పాలో సర్టిఫికెట్టు ఉన్న ఆ పిల్లకి చెప్పాను. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం పెట్టాను. జీతం అందుకున్న రోజు ఆ పిల్ల నా మొహంలోకి చూడలేకపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. ఒక్క మనిషైనా గమనించింది అనుకున్నాను.

మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాక రిబ్కా మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“పని మీద పడిపోయిందండి. కత్తిరించడానికి మనిషి కావాలి. మిమ్మల్ని అడగడానికి నోరు రావట్లేదండి,” అంది.

“ఏమిస్తావు?” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి రావడం నేను వినడం అదే మొదలు. రిబ్కా నవ్వలేదు, ‘మీకెందుకమ్మా’ అనలేదు. జాకెట్టుకి ఇంత, లంగాకి ఇంత అని చెప్పి, చాలదంటే చెప్పమంది. నాతో బేరమాడిన మొదటి మనిషి అది.

మర్నాడు పొద్దున్నే వంట చేసి, మూతలు పెట్టి, చెప్పులు వేసుకున్నాను. మధ్యాహ్నం వడ్డించేదెవరని అత్తగారు అడిగారు. గిన్నెలు చేతికి అందేలా పెట్టానని చెప్పాను. మా ఆయన పేపరు దించి, ఎక్కడికని అడిగారు. చెప్పాను. వసారాలో కొత్తగా చేరిన ఆడవాళ్ళు మిషన్లు ఆపి ఇటే చూస్తున్నారు. అందుకని ఆయన గొంతు తగ్గించారు.

“మన చాప మీద కూర్చుని నేర్చుకున్న మనిషి అది. హెడ్మాస్టరు భార్యవి, దాని దగ్గరికి కూలికి వెళతావా?”

“అవునండి,” అన్నాను. “అది కూలి ఇస్తుంది.”