సత్తెయ్య మంచం కోడు

నేను ఒక అడాప్టర్ని. పేరు విని కొట్లో అద్దాల బీరువాలో పుట్టానని అనుకునేరు! సగం ట్రాక్టర్ బోల్టుని, సగం ఇనప మంచం కోడుని. మధ్యలో వెల్డింగు మస్తాను పెట్టిన వంకర అతుకు. అంతే నా వంశం.

కాలవకి నీళ్ళు వదిలే లష్కరు ఏసుపాదానికి కుడి భుజం పట్టేసింది. కాలవకి అడ్డంగా ఉండే ఇనప తలుపు, అదే షట్టరు, ఎత్తాలన్నా దించాలన్నా షాఫ్టుకి హ్యాండిలు తగిలించి రెండొందల చుట్లు తిప్పాలి. ఆ చాకిరీ డ్రిల్లు చేత చేయిద్దామని అతని ఎత్తు. డ్రిల్లు నోటికి బోల్టు దొరికింది. షాఫ్టు నలుచదరపు కొనకి తొడగడానికి గొట్టం కావాలి. పెరట్లో అతని బాబాయి సత్తెయ్య మంచం ఉంది. అంతకుముందు లష్కరు ఆయనే. కిందటి వానాకాలం ఈ షట్టరు దగ్గరే కాలవలో కొట్టుకుపోయాడు.

“పోయినోడి మంచం కోస్తావా?” అంది భార్య సువార్తమ్మ.

“ఇనపముక్కకి పోయినోడేంటి, ఉన్నోడేంటి!” అన్నాడు ఏసుపాదం. అవసరం పడితే మనుషులు ఎంత జ్ఞానులైపోతారో!

మొదటిరోజే నాకు తెలిసిపోయింది. ఇటు డ్రిల్లు తిప్పుతుంటే అటు షాఫ్టులో ఎవరిదో చెయ్యి మాతోపాటు తిప్పుతోంది. పద్నాలుగేళ్ళు తెల్లారగానే నా మీద ఆనించి లేచిన చెయ్యి, పోల్చుకోలేనా? భయంతో బిగుసుకుపోయాను. చెప్దామంటే నాకు నోరు లేదు.

ఓ మిట్టమధ్యాహ్నం దించుతుంటే గుర్రపుడెక్క అడ్డుపడి షట్టరు సగంలో ఆగింది. సువార్తమ్మ కొంగు బిగించి కాలవలోకి దిగి, వంగి డెక్క లాగేసింది. సత్తెయ్య అయితే గోడ మీంచి వంగి “కింద ఎవరన్నా ఉన్నారా?” అని మూడుసార్లు అడిగి, బదులు రాకపోతేనే హ్యాండిలు ముట్టుకునేవాడు. డ్రిల్లు వచ్చాక ఏసుపాదం అది మానేశాడు. ఈ మోతకి దెయ్యాలైనా తప్పుకుంటాయని అతని ధీమా. డెక్క కొట్టుకుపోవడం చూసి, ఆమె గట్టెక్కేసి ఉంటుందని మీట నొక్కాడు.

నాలుగు చుట్లు తిరిగాం. అయిదో చుట్టులో ఆ చెయ్యి అడ్డంగా బిగిసింది. డ్రిల్లు మూలిగింది, పొగ కక్కింది. ఏసుపాదం మొండిగా ఇంకా నొక్కాడు. నా అతుకు ఫట్టుమని విడిపోయింది. మోత ఆగాక గానీ కింద నుంచి కేక వినపడలేదు.

“కాలు ఇరుక్కుందయ్యా! ఎత్తు! చచ్చిపోతున్నా!”

ఏసుపాదం హ్యాండిలు కోసం పరిగెత్తాడు. తీసుకొచ్చేసరికి షాఫ్టు, దాని మీద మిగిలిన నా సగం, ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి తిరుగుతున్నాం. నెమ్మదిగా, ఒక్కో చుట్టే. షట్టరు లేచింది. సువార్తమ్మ కుంటుకుంటూ బయటికొచ్చి మొగుడి చొక్కా పట్టుకుని వలవలా ఏడ్చింది. అతను షాఫ్టు మీంచి కళ్ళు తిప్పలేకపోయాడు.

ఇప్పుడు గోడమీద పడి తుప్పు పడుతున్నాను. డ్రిల్లు ఊసే లేదు. ఏసుపాదం ఆ పాడైన భుజంతోనే తిప్పుతున్నాడు. ముందు కిందికి వంగి మూడుసార్లు అడుగుతాడు. తర్వాత ఓ పక్కకి జరిగి, హ్యాండిలులో సగం ఖాళీగా వదిలి, మిగతా సగమే పట్టుకుంటాడు. ఎప్పుడన్నా మరీ జోరుగా తిరిగిందనుకోండి, “నెమ్మది, బాబాయ్” అంటాడు.