కష్టానికి ముందు మోర్

అసలు మా ఆయన కాఫీలో పంచదార తక్కువైతే సర్దుకుపోతారు గానీ నా ఇంగ్లీషులో ఒక్క మోర్ తక్కువైతే మాత్రం ముద్ద దిగదు, కాలేజీలో పాతికేళ్లుగా గ్రామరు చెబుతున్న విశ్వనాథ్ గారు మరి, కొవ్వూరులో బస్సెక్కిన దగ్గర్నుంచీ పక్కన కూర్చుని వేళ్లు ముడుస్తున్నారు, ఈజీకి ఈజియర్, డిఫికల్ట్‌కి మాత్రం మోర్ డిఫికల్ట్, హైమా, వింటున్నావా, ఆఁ వింటున్నానండీ, నేను కిటికీలోంచి గోదారిని చూస్తున్నాను, బస్సు బ్రిడ్జి ఎక్కింది, పదకొండింటికి రాజమండ్రి స్కూల్లో నాకు డెమో క్లాసు, ఐదో తరగతి ఇంగ్లీషు, దరఖాస్తు పెట్టింది మా అమ్మాయి శృతి, నువ్వు వెళ్లకపోతే నీ చీర కట్టుకుని నేనే వెళ్లిపోతానమ్మా అని బెదిరించింది కూడా, పద్దెనిమిదేళ్ల కిందట ఇలాగే పిలిచారు, చీర ఇస్త్రీ చేసుకుని, ముందురోజు సాయంత్రం వంటింట్లో ఈయనకే పాఠం చెప్పి చూపించాను, డివిజన్ ఈజ్ డిఫికల్ట్ దేన్ మల్టిప్లికేషన్ అన్నాను, తెలుగులో భాగహారం గుణకారం కంటే కష్టం అంటే చాలదూ, కంటే వచ్చి పని చక్కబెట్టేస్తుంది, కష్టం ఉన్నచోటే ఉంటుంది, ఇంగ్లీషు కష్టం మాత్రం ముందొక మోర్‌ని పంపితే గాని గడప దాటదు, ఈయన పడీపడీ నవ్వారు, అమ్మా తల్లీ, ఇలా చెప్తే పిల్లలు నవ్వుతారే, ముందు నువ్వు నేర్చుకో అన్నారు, నేనూ నవ్వేశాను, మర్నాడు స్కూలుకి వెళ్లలేదు, ఆ ఇస్త్రీ చీర కట్టుకుని పెసరట్లు వేశాను.

తర్వాత ఎన్నిసార్లు ఈ బ్రిడ్జి దాటానో, డాక్టరు దగ్గరికి, పెళ్లిబట్టలకి, దాటినప్పుడల్లా బస్సులో ఏ టీచరమ్మో కనిపించేది, ఒళ్లో దిద్దాల్సిన నోటుపుస్తకాలు, వేళ్లకి చాక్‌పీసు పొడి, నా వేళ్లకి బియ్యప్పిండి, అదీ తెలుపే కదా అనుకునేదాన్ని, అనుకుని ఆవిడ దిగేదాకా చూపు తిప్పుకోలేకపోయేదాన్ని, ఇంటికొచ్చి నాలో నేనే చెప్పుకునేదాన్ని, పిండి రుబ్బడం అ లిటిల్ డిఫికల్ట్, అత్తగారికి నచ్చేలా రుబ్బడం మచ్ మోర్ డిఫికల్ట్, మోర్ ఎప్పుడో వచ్చేసింది, వచ్చిందని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఏదీ, ఫార్ మోర్ డిఫికల్ట్ దేన్‌తో ఒక వాక్యం చెప్పు, అన్నారీయన, గుండె దడదడలాడింది, స్కూలింకా రాలేదు, పిల్లలింకా కనబడలేదు, మరి ఈ దడ ఎందుకు, అప్పుడు తెలిసింది, పిల్లల నవ్వుకి నేనెన్నడూ జడవలేదు, జడిసిందంతా ఈ పక్కసీటు నవ్వుకే, తెలిశాక నోరు దానంతటదే విచ్చుకుంది, స్టేయింగ్ ఎట్ హోమ్ వాజ్ ఫార్ మోర్ డిఫికల్ట్ దేన్ ఇంగ్లీష్, ఇంట్లో ఉండిపోవడం ఇంగ్లీషు కంటే ఎంతో కష్టమైందండీ, ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది, దిద్దడానికేమీ దొరకలేదు పాపం, బస్సు బ్రిడ్జి దిగాక, ముందుసీటావిడ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా, తప్పు నాదే హైమా, ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది, అన్నారు.