పాట వెనకబడిన ఆదివారం

నెలలో మొదటి ఆదివారం ఆరాధనకి ముందు ఆ సంఘంలో పెద్దా చిన్నా కలిసి చేసే పని ఒకటుంది. గుడి ముందుభాగంలో వేలాడే తెల్లటి తెర వంక చూస్తూ "వినపడుతోందా?" అని అరవడం. తెర మీద దూరదేశంలో సేవచేస్తున్న నర్సక్క కనిపిస్తుంది. ఆవిడ కూడా "వినపడుతోందా?" అంటుంది. వినపడుతోందని ఇరుపక్షాలకీ నమ్మకం కుదిరేసరికి ఆవిడకి కేటాయించిన ఐదు నిమిషాల్లో సగం అయిపోతాయి. విదేశాల్లో సేవ ఎలా జరుగుతోందో మిగిలిన సగంలో సంఘమంతా తెలుసుకుని తృప్తిపడుతుంది.

చదివేవాళ్ళు నవ్వుకుంటే అభ్యంతరం లేదు. కానీ మీ సంఘంలో తెర లేకపోతే, గుమ్మం పక్కన గోడ మీద, దూరం సేవకి పంపినవాళ్ళ ఫొటో ఒకటైనా ఉండే ఉంటుంది. ఆ ఫొటోకి దుమ్ము దులిపి ఎన్నాళ్ళయిందో ఒకసారి చూసి వచ్చాక నవ్వుకోవచ్చు.

నర్సక్క ఈ సంఘంలోనే పెరిగింది. ఆదివారపు బడిలో పిల్లలకి పాటలు నేర్పింది. ఆసుపత్రి ఉద్యోగం మానేసి, కొండల మధ్య ఒక చిన్న వైద్యశాలకి వెళ్తానంటే సంఘమంతా కదిలింది. ఆ ఏర్పాట్ల కోసం అందరికన్నా ఎక్కువ తిరిగింది సంఘం కార్యదర్శిగారే. ప్రయాణం రోజున ఆవిడ పెట్టెని తన భుజం మీద మోసిందీ ఆయనే.

ఆయన్ని వెనకాల అందరూ గడియారంగారంటారు. ముఖం మీద అనే ధైర్యం ఆయన భార్యకి మాత్రమే ఉంది. రైళ్ళ రాకపోకలు చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆరాధన కూడా ఒక రైలేననీ, పాస్టరుగారు నడిపేవారనీ, జెండా ఊపాల్సింది మాత్రం తనేననీ ఆయన నమ్మకం. తెర కింద మైకు పట్టుకుని నిలబడి ప్రతి నెలా అవే ప్రశ్నలు అడుగుతారు.

"పని ఎలా జరుగుతోందమ్మా?"

"దేవుని దయవల్ల బాగానే జరుగుతోంది అన్నయ్యగారూ."

"ప్రార్థనాంశాలు?"

"వానలు తగ్గాలి. మందులు వేళకి రావాలి."

"చాలా సంతోషం. అందరూ చెయ్యి ఊపండి."

అందరూ ఊపుతారు. మైకులు చూసే బాబాయి లైను కట్ చేస్తాడు. అప్పుడు ఆరాధన మొదలవుతుంది. ఒకసారి గడియారంగారు, "వెనక గోడ బాగోలేదమ్మా, ఏదైనా గుడ్డ కట్టు, చూసేవాళ్ళకి నిండుగా ఉంటుంది" అని సలహా ఇచ్చారు. అప్పటినుంచి నర్సక్క వెనకాల ఒక పూల దుప్పటి వేలాడుతోంది. ఆ పూలు చూసి, అక్కడ వాతావరణం బాగుంటుందని చాలామంది అనుకున్నారు.

మొదట్లో ఆడవాళ్ళు వంతులేసుకుని ఆవిడకి ఫోన్లు చేసేవాళ్ళు. తెర వచ్చాక, నెలనెలా చూస్తూనే ఉన్నాంగా అని మానేశారు. గడియారంగారి భార్య కూడా మానేసినవాళ్ళలో ఒకరు. ఆదివారపు బడిలో నర్సక్కతో కలిసి పిల్లల్ని అదిలించిన మనిషి ఆవిడ.

ఈ కథ జరిగిన ఆదివారం బాబాయి పన్ను పీకించుకుని ఇంట్లో పడుకున్నాడు.

"ఇందులో ఏముంది? స్విచ్చులేగా, నేను చూసుకుంటా" అన్నారు గడియారంగారు.

"ఇంట్లో ఫ్యాను స్విచ్చు ఏదో ఇప్పటికీ నన్నే అడుగుతారు" అంది భార్య.

"అది వేరు."

నర్సక్క తెర మీదకి వచ్చింది. వినపడడం గురించిన విచారణ ముగిసింది. పని బాగా జరుగుతోందని తేలింది. అప్పుడావిడ కొంచెం ముందుకి వంగి, "అన్నయ్యగారూ, ఒక్క మాట చెప్పాలి. సంస్థవాళ్ళు ఈ వారంలో..." అంది.

"తెలుసు తల్లీ! మళ్ళీ ఐదేళ్ళకి ఒప్పుకోవడం గురించేగా? సంఘ వార్షికోత్సవానికి బ్యానరు కూడా కొట్టించేశాం. వివరంగా వచ్చే నెల చెబుదువుగాని. అందరూ చెయ్యి ఊపండి."

అందరూ ఊపారు. ఆవిడా ఊపింది.

ఆవిడ చెప్పాలనుకున్నది వేరు. ఇంక ఉండలేను, వచ్చేస్తాను అని. పని కష్టమై కాదు, విశ్వాసం తగ్గీ కాదు. అక్కడివాళ్ళ భాష ఆవిడకి నొప్పి ఎక్కడుందో అడిగేంత వచ్చింది, గట్టిగా ఊపిరి పీల్చమనేంత వచ్చింది. ఒక పొద్దున ఊరికే కూర్చుని నవ్వుకునేంత మాత్రం రాలేదు. రోజంతా పురుళ్ళూ కట్లూ చూసి గదికొస్తే, ఎలా ఉన్నావు అనేవాళ్ళు లేరు. వారంలోగా ఆ వైద్యశాల నడిపే సంస్థకి జవాబివ్వాలి. ఒప్పుకుంటే ఇంకో ఐదేళ్ళు.

గడియారంగారు, రైలు వెళ్ళిపోయాక గేటు ఎత్తినట్టు, తెరని సరసర పైకి చుట్టేశారు. తెర చుడితే లైను తెగుతుందని ఆయన ఉద్దేశం. లైను తెగలేదు. బొమ్మ వెళ్ళి తెర వెనక గోడ మీద పడింది, కొంత పాస్టరుగారి తెల్లచొక్కా మీద కూడా. కానీ అప్పటికే పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరి కళ్ళూ మూసుకుపోయాయి. ఒక్క కన్ను తప్ప. గడియారంగారి భార్యకి ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచే అలవాటుంది. దేవుడితోబాటు పిల్లల్ని కూడా చూసుకోవాలి కదా అంటుంది.

ఆ కంటికి గోడ మీద నర్సక్క కనిపించింది. దుప్పటి కొసలు విప్పి మడతపెడుతోంది. దాని వెనక గోడ పైనుంచి కిందిదాకా చెమ్మ. మూల బకెట్టు. సౌండు పెట్టెల్లోంచి టప్పు టప్పుమని చుక్కలు పడుతున్న చప్పుడు. గుడి కారుతోందేమోనని గడియారంగారు కళ్ళు తెరిచి పైకప్పు వంక చూశారు.

నర్సక్క ఇటు తిరిగింది. లైను ఇంకా ఉందని గ్రహించింది. చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగింది. అటూ ఇటూ చూసి, టికెట్టు లేకుండా ఎక్కిన ప్రయాణికురాలిలా చప్పుడు కాకుండా కూర్చుంది. ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుంది.

ప్రార్థన అయింది. ప్రకటనలు మొదలయ్యాయి. యువజనుల కూడిక మారింది. టైలరుగారి తల్లికి తుంటి ఆపరేషను అయింది. ఎవరిదో గొడుగు పోయినవారం మర్చిపోయారు, వచ్చి తీసుకెళ్ళాలి. ఏ సంఘంలోనూ ఎవరూ చెవిపెట్టని ఈ మాటల్ని నర్సక్క రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని వింది. తుంటి దగ్గర ముఖం చిట్లించింది. గొడుగు దగ్గర నవ్వింది. సంఘంలో సగంమంది ఇప్పుడు ప్రకటనలు మానేసి గోడనే చూస్తున్నారు. పాస్టరుగారు మాత్రం ఇవాళ ఇంత శ్రద్ధగా వింటున్నారేమిటా అని ఆశ్చర్యపోయారు.

తర్వాత పాట. ఈ పాట ఆదివారపు బడిలో చాలామందికి నర్సక్కే నేర్పింది. అందరూ ఎత్తుకున్నారు. ఆవిడా ఎత్తుకుంది. కానీ ఇక్కడి పాట అంత దూరం వెళ్ళి, ఆవిడ గొంతుతో అంత దూరం తిరిగి రావాలి. వీళ్ళు రెండో మాటలోకి వచ్చేసరికి ఆవిడ మొదటి మాట సౌండు పెట్టెల్లోంచి వచ్చింది. వీళ్ళు చరణం ఎత్తుకుంటే ఆవిడ ఇంకా పల్లవిలోనే ఉంది. పాట చిక్కుపడింది. ముందు వరసవాళ్ళు తడబడి ఆగారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు. చివరికి గుడి మొత్తంలో ఒక్క గొంతు మిగిలింది. ఆవిడ కళ్ళు మూసుకుని పాడుతోంది. కాస్త బొంగురుగా, ఎక్కడో తప్పుతూ, చాలా ఇష్టంగా.

పాస్టరుగారు వెనక్కి తిరిగి గోడని చూసి, తన చొక్కాని చూసుకుని, పక్కకి తప్పుకున్నారు.

చరణం సగంలో ఆవిడ కళ్ళు తెరిచింది. తనొక్కతే పాడుతోందని తెలిసింది.

"అయ్యో! క్షమించండి. లైను ఉందని తెలిసి కూడా చెప్పలేదు. పాట పాడుచేశాను. కట్ చేసుకోండి అన్నయ్యగారూ."

గడియారంగారు గబగబా బొమ్మ వేసే మిషను దగ్గరకి వెళ్ళారు. ఏది నొక్కాలో తెలియక వేలు గాల్లో తిప్పుతున్నారు.

"ఏమండీ, దాని మీద వేలు పడిందో, ఈ పూట ఇంట్లో వంట మీదే" అంది భార్య, నిలబడి. గుడి గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. ముందుకొచ్చి గోడ వంక చూసి అడిగింది.

"ఏమే, ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను వదినా." వెంటనే తల అడ్డంగా ఊపి, "లేదు వదినా. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు."

"ఆ బకెట్టేమిటి?"

"పైకప్పు కారుతోంది."

"ఎప్పటినుంచి?"

"నిరుటి వానలనుంచి."

"మరి నెలనెలా అంతా బాగుందంటావేం?"

"అన్నయ్యగారు పని గురించి అడుగుతారు. పని నిజంగానే బాగుంది వదినా." ఆవిడ దుప్పటి మడత సరిచేసింది. "నా గురించి ఎవరూ అడగలేదు. లైను కట్ అయ్యాక మీరంతా పాడుకుంటారని తెలుసు. ఒక్కసారి వినాలనిపించి దొంగతనంగా కూర్చున్నా. వచ్చేస్తానని ఇవాళ చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు. బ్యానరు కూడా కొట్టించారన్నారు."

గడియారంగారు మిషను దగ్గర నిలబడిపోయారు. జీవితంలో మొదటిసారి ఆయనకి టైమెంతయిందో తెలియలేదు.

పాస్టరుగారు మైకు తీసుకున్నారు. "రావాలనిపిస్తే వచ్చెయ్యమ్మా. వచ్చినా నువ్వు మా నర్సక్కవే, ఓడిపోయి వచ్చిందని ఇక్కడ ఎవరూ అనరు. ఉండాలనిపిస్తే మాత్రం ఇకమీదట ఒంటరిగా ఉండనివ్వం. ఏదైనా ఇవాళే తేల్చక్కర్లేదు." తర్వాత సంఘం వైపు తిరిగారు. "ఈ పూట ప్రసంగం ఇంక అవసరం లేదనుకుంటాను. పొయ్యి దగ్గర మనిషి ఉందో లేదో అడక్కుండా, పొయ్యి మీద ఏముందని మాత్రం అడిగే ఇల్లు ఎలా ఉంటుందో మనం అలా ఉన్నాం. సేవకి మనిషిని పంపి మన వంతు అయిపోయిందనుకున్నాం. పంపిన రోజున మన వంతు మొదలైంది."

ఆ పూట పాట మళ్ళీ మొదటినుంచి పాడారు.

తర్వాతి సంగతులు కొద్దిగా చెబితే చాలు. నర్సక్క కొన్నాళ్ళు విశ్రాంతికి వచ్చింది. ఆ రోజుల్లో ఆవిడ చేత ఎక్కడా ప్రసంగం చేయించకూడదని గడియారంగారి భార్య కాపలా కాసింది. నర్సక్క ఆ వదిన ఇంట్లోనే మధ్యాహ్నం దాకా నిద్రపోయింది, టైలరుగారి తల్లి దగ్గర కూర్చుని తుంటి కథ మొదటినుంచి వింది. ఆ తర్వాత తనే వెళ్తానంది. ఐదేళ్ళకి కాదు, ఒక్క ఏడాదికి. బ్యానరు మీద ఐదేళ్ళు అన్నచోట గడియారంగారు స్వయంగా కాగితం అతికించారు, కొంచెం వంకరగా. ఆవిడ గది పైకప్పు వేయించడానికి సంఘం డబ్బు పంపింది. వారానికో ఇల్లు ఆవిడకి ఫోను చేస్తుంది, ప్రార్థనాంశాలు అడగడానికి కాదు, కబుర్లకి.

తెర ఇప్పుడు లేదు. ఆడవాళ్ళ వరసలో ఒక కుర్చీలో బాబాయి, ఆవిడ బొమ్మ కనిపించే చిన్న మిషను పెడతాడు. నర్సక్క ప్రకటనల దగ్గర్నుంచి ఆశీర్వాదం దాకా అందులోనే కూర్చుంటుంది. ఒక మాట పాడాక సంఘమంతా ఆగి, ఆవిడ గొంతు వచ్చి చేరాకే రెండో మాట ఎత్తుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేం రాగమో అనుకుంటారు. ఆరాధన మునుపటికన్నా ఆలస్యంగా ముగుస్తుంది. ముందు వరసలో నిలబడి, చెయ్యెత్తి అందర్నీ ఆపేది మాత్రం గడియారంగారే.