పన్నెండు ఎలుకల్లో ఒకటి

పొద్దున ల్యాబుకు రాగానే అక్క చేసే మొదటి పని ఎలుక వీపు నిమరడం. తెల్ల ఎలుక, దాని వీపు మీద బొటనవేలి గోరంత నల్లటి చర్మం, నల్లటి వెంట్రుకలతో సహా. ఆ చర్మం దాని సొంతం కాదు, వేరే జాతి ఎలుకది తెచ్చి అతికించారు. అతుకు మెత్తగా తగిలితే బతికినట్టు. గట్టిపడి పెచ్చు కట్టిందంటే ఒళ్లు దాన్ని పరాయిదని పసిగట్టి తరిమేసినట్టు. ఇందులో పెద్ద యంత్రాలేమీ లేవు, వేలి కొసతో తెలిసిపోతుంది. పదహారేళ్లుగా ఆ వేలితోనే ఆమె ఉద్యోగం చేస్తోంది.

ఆ ఎలుకకు ల్యాబులో నల్లమచ్చ అని పేరు. అతుకు వేసే ముందు దాని ఒంట్లోకి కొన్ని కణాలు ఎక్కించారు. ఒంటికి కాపలా కాసే కణాల్లోనే కొన్ని నెమ్మదస్తులుంటాయి, కయ్యానికి దూకే తోటివాటిని పట్టి ఆపుతాయి. వాటిని ఏరి, పెంచి, మళ్లీ ఎక్కిస్తే, పరాయి అవయవం పెట్టించుకున్నవాళ్లు ఇక జీవితాంతం మందులు మింగక్కర్లేదేమో అన్నది పెద్దాయన ఆశ. పెద్దాయనంటే ఆ ల్యాబును నడిపే శాస్త్రవేత్త. ఆయన ఆశపడడంలో దిట్ట, ఎలుకల వీపులు నిమరాల్సింది మాత్రం అక్క.

ఆ ఆశ ఆమెకూ ఉంది, ఆయనకంటే ఎక్కువే ఉంది. ఎందుకంటే ఆమె కిడ్నీ ఒకటి మూడేళ్లుగా తమ్ముడి కడుపులో ఉంది.

తమ్ముడు దర్జీ. ఇంట్లో ముందు గదే కొట్టు, వెనక రెండు గదుల్లో అక్కాతమ్ముళ్ల కాపురం. అమ్మానాన్నా పోయాక ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. కిడ్నీ పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజున తమ్ముడు కుట్ల మీద చెయ్యేసుకుని, "ఇల్లరికపు అల్లుడు దిగాడక్కా, మర్యాదలు చూసుకోవాలి" అని నవ్వాడు. మర్యాదలంటే పూటపూటా మాత్రలు. ఒళ్లు కిడ్నీ మీదికి దండెత్తకుండా ఆపేవి అవే. ఆ మాత్రలతోనే అతని చేతులకు వణుకు పట్టుకుంది. ఎంత కుస్తీ పట్టినా దారం సూదిలోకి ఎక్కేది కాదు. కత్తెర గీత దాటిపోయేది. ఊళ్లో పేరున్న చేతిపని కాస్తా మిషను మీద నిలువు కుట్లకు దిగజారింది. డాక్టరమ్మ మోతాదు ఒకసారి తగ్గించి చూసి, ఇంతకంటే తగ్గిస్తే ప్రమాదమంది. పాత బేరాలవాళ్లు ఒకరొకరే జారుకున్నారు. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, అంతే. అది చూడలేక అక్క ప్రాణం ఉసూరుమనేది.

అంతకుముందు ఒక జట్టు ఎలుకల అతుకులన్నీ పోయాయని ఇంట్లో నోరు జారితే, తమ్ముడు ఆ పూట అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఆమె ఇంటికి మంచి కబుర్లే మోసుకొచ్చేది. "నల్లమచ్చకు ముప్పై రోజులురా. మందు లేదు మాకు లేదు, దిట్టంగా తిరుగుతోంది" అనేది. అతని మొహం విప్పారేది. రోజూ గుమ్మంలోనే అడిగేవాడు, "ఎలా ఉంది మనది?" అని.

ఒకరోజు మాత్రం, "దాంతోపాటు వేసిన మిగతావి ఎలా ఉన్నాయక్కా?" అన్నాడు.

అక్క కంచంలో అన్నం వడ్డిస్తోంది. తలెత్తకుండానే, "బాగానే ఉన్నాయిరా. పన్నెండూ బాగున్నాయి" అంది.

పన్నెండింట్లో పదకొండు ఎప్పుడో పెచ్చులు కట్టాయి. ఆ పదకొండింటి తేదీలూ ఆమె తన చేత్తోనే రాసింది.

తరవాత రెండు మూడు వారాలకు తమ్ముడి చేతులు కుదుటపడ్డాయి. అక్క పొంగిపోయింది. మందు ఒంటికి అలవాటైంది కాబోలు అనుకుంది. పదహారేళ్లు ఇదే పనిలో ఉన్న మనిషి అలా ఎలా అనుకుంది అంటే, అలా అనుకోవాలని ఉంది కనక అనుకుంది. నల్లమచ్చకు నూరు రోజులు నిండిన సాయంత్రం తమ్ముడు ఆమెకో తెల్ల కోటు కుట్టి ఇచ్చాడు. ల్యాబులో తొడుక్కోడానికి. కాజాలు ఆరూ చేత్తో కుట్టాడు. ఒక్కో కుట్టూ అచ్చుగుద్దినట్టుంది. ఆమె వాటిని వేలితో తడిమి తడిమి చూసి, కళ్లనీళ్లు పెట్టుకుంది.

పది రోజులు తిరక్కుండానే అతని కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం చూసి, "రక్తంలో మందు ఆనవాలే లేదు. వేసుకుంటున్నాడా?" అంది.

"వారం వారం మాత్రల డబ్బా నింపేది నేనేనండీ. ఏ పూట గడి ఆ పూటకు ఖాళీ అవుతుంది" అంటూ అక్క ఆమె మీదికి లేచింది. "రెండు నెలలకోసారి మీరే కదా చూస్తున్నారు? మొన్న సరిగ్గానే ఉందన్నారు కదా?"

డాక్టరమ్మ వాదించలేదు. "ఇంట్లో ఒకసారి వెతకండి" అంది.

అక్క ఇంటికొచ్చి ముందు గదంతా గాలించింది. మిషను పక్కనున్న గుండీల డబ్బా ఎత్తితే బరువు తేడాగా తగిలింది. చాప మీద కుమ్మరించింది. చొక్కా గుండీల మధ్య తెల్ల మాత్రలు. గుండీలకు రంధ్రాలున్నాయి, వీటికి లేవు. ఆమె వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది.

మర్నాడు ఆసుపత్రిలో, అతని మంచం దగ్గర అడిగింది. కోప్పడాలనే వెళ్లింది కానీ, మాత్రలు దుప్పటి మీద పెట్టి పక్కన కూర్చుంది.

"పరీక్షకు ముందు వారం మాత్రం వేసుకున్నానక్కా" అన్నాడు తమ్ముడు. "నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. ఒక్కసారి చేతులు ఆగితే చాలనిపించింది. నల్లమచ్చకు మందు లేదు కదా? పైగా పన్నెండూ బాగున్నాయన్నావు."

"అవి వేరురా. వాటికి ముందే కణాలు ఎక్కించాం. నీకు ఎక్కించలేదు కదా."

"నీ కిడ్నీయే ఉంది కదా, అక్క ఒళ్లూ నా ఒళ్లూ పరాయివా అనుకున్నాను."

అక్కకు తల తీసేసినట్టయింది. అయినా చెప్పింది. "పన్నెండూ బాగులేవురా. మూడో నంబరుది పదకొండో రోజున పోయింది. ఏడోదీ ఎనిమిదోదీ పద్నాలుగున. ఒకటోది..." పదకొండూ వరసగా చెప్పింది, ఒక్కటీ దాచలేదు. అతను పైకప్పు కేసి చూస్తూ విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

పెద్ద మోతాదు మందులు నరానికి ఎక్కించారు. వారంలోనే అతని చేతులు మళ్లీ వణకడం మొదలెట్టాయి, ఈసారి నీళ్ల గ్లాసు కూడా నిలవలేదు. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఆ ఫలితం వచ్చిన రోజే నల్లమచ్చకు నూట ఇరవయ్యో రోజు. ఆ రోజు దాన్ని చంపి, అతుకును కోసి చూడాలని పెద్దాయన మొదటే రాసిపెట్టాడు. చివరిసారి వీపు నిమిరింది అక్కే. చంపిందీ అక్కే. తరవాత ఆసుపత్రికి వెళ్లింది.

తమ్ముడు కళ్లు తెరిచి, అలవాటుగా, "ఎలా ఉంది మనది?" అన్నాడు.

బాగుందని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. "లేదురా. పొద్దున నేనే చంపాను. లోపల చూడాలంటే అంతే" అంది.

"లోపల ఎలా ఉంది?"

"దానిది బాగుంది. అతుకు ఎక్కడో కూడా తెలియనంత కలిసిపోయింది."

"మరి నాది?"

"పోయిందిరా."

అతను వణుకుతున్న చెయ్యి దుప్పటి మీద పాకించి ఆమె చెయ్యి అందుకున్నాడు. "నాది కాదక్కా, నీది" అన్నాడు. "నువ్విచ్చింది పాడుచేశాను."

"కాదురా, నేనే" అనబోయింది. ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పుడు తమ్ముడు వారానికి మూడు రోజులు రక్తం శుద్ధి చేసే యంత్రం పక్కన పడుకుంటాడు. ముందు గదికి తాళం వేశారు. ఆ మాత్రలు మానేశారు కనక అతని చేతులు ఇప్పుడు వణకవు. కానీ సూది పట్టుకోడు.

ల్యాబులో కొత్త జట్టు వచ్చింది, మళ్లీ పన్నెండు. అక్క ఆ కోటే తొడుక్కుని వెళుతుంది. ఎన్ని ఉతుకులు పడ్డా ఆ ఆరు కాజాల్లో ఒక్క కుట్టు కూడా వదులు కాలేదు.