ఆకాశం ఎటుంది

హాంబుర్గ్‌లోని ఒక వాతావరణ పరిశోధనాలయంలో విబ్కే డేటా ఫైళ్లు భద్రపరుస్తుంది. ఎత్తును చూపే అంకెలు పైకి పోయేకొద్దీ పెరుగుతాయో కిందికి వచ్చేకొద్దీ పెరుగుతాయో ప్రతి ఫైలు మొదట్లో ఒక్క మాట రాసి ఉండాలి. లేకపోతే తిప్పి పంపుతుంది. అందుకే ఆమెకు చాదస్తురాలని పేరు.

మూడోసారి తన ఫైలు తిరిగొచ్చేసరికి ప్రొఫెసర్ ఓస్టర్‌క్యాంప్ కాఫీ కప్పుతో సహా దిగివచ్చాడు.

"విబ్కే గారూ, ఆకాశం పైనుంటుందని చంటిపిల్లాడికి కూడా తెలుసు. అదీ రాసివ్వాలా?"

"పిల్లాడికి తెలుసండీ. కంప్యూటర్‌కే తెలీదు."

ఆయన పైవాళ్లతో చెప్పించి ఫైలును అలాగే ఎక్కించుకున్నాడు. నెల తిరక్కుండానే, నార్వేలోని బెర్గెన్‌లో ఒకరి ప్రోగ్రాం అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టే అనుకుని, పటంలో ఓజోన్ పొరను తీసుకెళ్లి అక్కడి చేపల బజారులో పెట్టింది. ఆ పటాన్ని అక్కడివాళ్లు తమ క్యాంటీన్ గోడకు అతికించుకుని, ప్రొఫెసర్‌కూ ఒకటి పంపారు.

మర్నాడు ప్రొఫెసర్ కిక్కురుమనకుండా కొత్త ఫైలు పంపాడు. ఈసారి ఆ మాట ఉంది: "పైకి."

విబ్కే తల పట్టుకుంది. ఆయన ఎత్తును మీటర్లలో కొలవలేదు, గాలి పీడనంలో కొలిచాడు. ఆ అంకె నేల దగ్గరే పెద్దది, పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఫోన్ చేసింది.

"'కిందికి' అని రాయాలండీ, ప్రొఫెసర్ గారూ."

అవతల కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"మరి ఆకాశం?" అన్నాడాయన.

"పైనే ఉందండీ. కావాలంటే చంటిపిల్లాణ్ణి అడగండి."