అత్త మాట్లాడిన రోజు

కూతురికి పెళ్లయిన నాటి నుంచి కొకోరే అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. అతనూ ఆమె మొహంలోకి చూడలేదు. తగువేం లేదు, అదే మర్యాద. ఇల్లు ఆడవాళ్ళది. పెళ్లయిన మగవాడు వచ్చి అత్తగారి కప్పు కింద చేరతాడు, వేటాడి తెచ్చింది భార్య ముందు పెడతాడు, అత్త కూర్చున్న వైపుకి వీపు తిప్పి తింటాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో కూతురు ఇరేమో ఉంది. ఇరేమో లేకపోతే ఇంటి కుక్క ఉంది. "కట్టెలు అయిపోయాయే, నువ్వేమన్నా తెస్తావా?" అని కొకోరే కుక్కని అడిగేది. మర్నాడు గుమ్మంలో కట్టెల మోపు ఉండేది. అల్లుడు బెప్కుమ్ ఏనాడూ కాదనలేదు. అత్తింటి మాట కాదనడానికి సిగ్గు అడ్డొచ్చేది. ఆ సిగ్గు లేని మగవాణ్ణి ఏటి పొడుగునా ఎవరూ మనిషి కింద లెక్కవేయరు.

అలాంటి బెప్కుమ్ నాయకుడెలా అయ్యాడంటే, అది ఊరంతా కలిసి నవ్వుతూ చేసిన పని. తలుచుకుంటే కొకోరేకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కుబెన్లు, అంటే మనవాళ్ళు కానివాళ్ళు, మొదటిసారి మోటారు పడవలో రేవుకి వచ్చినప్పుడు ఊరికి నాయకుడు కొకోరే అన్న తకాక్మే. నాయకుడన్నవాడు రేవుకి పరుగెత్తడు. ఊరి నడుమ మగవాళ్ళ సావిట్లో కూర్చుంటాడు. వచ్చినవాడే అక్కడికి రావాలి, ఆడవాళ్ళు అతన్ని చూసి గొంతెత్తి ఏడ్చి పలకరించాలి, ఆ తరువాత నాయకుడు నోరు విప్పాలి. తకాక్మే ఒంటినిండా నల్లరంగు పూయించుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఏడవడానికి సిద్ధంగా నిలబడ్డారు. ఆ వెధవలు రేవు దాటి రాలేదు. దోమలు కొట్టుకుంటూ అక్కడే ఉండిపోయారు.

సరే, వాళ్ళకేం కావాలో కనుక్కు రమ్మని ఎవరో ఒకర్ని పంపాలి. పరాయివాళ్ళతో మాట్లాడటం గౌరవమేం కాదు, చాకిరీ. బెప్కుమ్ చిన్నప్పుడు జబ్బు చేసి ఏటి దిగువన పాద్రీల ఆసుపత్రిలో కొన్నాళ్ళున్నాడు. నాలుగు ముక్కలు పోర్చుగీసు వచ్చు. వేటలో అంతంతమాత్రం, పాటలో గొంతు కలవదు. పోయినా ఊరికి పెద్ద నష్టం లేదు. "మా అల్లుణ్ణి పంపండి, కోసుకు తిన్నా ఆ ఎముకల్లో ఏముంది గనక" అని అన్నతో అన్నది కొకోరేనే. సావిడంతా ఘొల్లుమంది.

కుబెన్లు బెప్కుమ్‌కి టోపీ పెట్టారు. చెయ్యి కలిపి ఫొటో తీసుకున్నారు. కపితాన్ అని పిలిచారు, వాళ్ళ భాషలో ఊరి పెద్ద అని. టోపీతో తిరిగొచ్చిన మనిషిని చూసి పిల్లలు వెంటపడ్డారు, ముసలివాళ్ళు కూడా కపితాన్‌గారూ కాసిని నీళ్ళు తెచ్చిపెట్టండి అంటూ ఆటపట్టించారు. ఇక్కడ పంపినవాళ్ళకి అతను ఒట్టి కబురు మోసేవాడే గానీ, అక్కడివాళ్ళు అతన్నే ఊరనుకుని వెళ్ళిపోయారన్న సంగతి నవ్వినవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. బుర్రలు ఎక్కడ తాకట్టు పెట్టారో మరి.

ఆ తరువాత మందులొచ్చాయి, రేడియో వచ్చింది, పడవకి మోటారు వచ్చింది, విమానం దిగడానికి మైదానం వచ్చింది. అన్నీ కపితాన్ పేరు మీదే. రేడియోలో మాట్లాడటం అతనొక్కడికే వచ్చు గనక ఊరికి ఏం కావాలో అతనే చెప్పేవాడు. తకాక్మే రోజూ పొద్దు పొడవకముందే ఊరి నడుమ నిలబడి, మేనమామ నేర్పిన నాయకుల గొంతుతో, పాటలాగా సాగదీస్తూ మంచీ చెడూ చెప్పేవాడు. వినేవాళ్ళు వినేవారు, ముసుగు తన్నేవాళ్ళు తన్నేవారు. నాయకుడు చెబుతాడు గాని చెయ్యి చేసుకోడు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తాడు గనక ఊళ్ళో అందరికంటే ఖాళీగా ఉండేది అతని ఇల్లే. బెప్కుమ్ దగ్గర మాత్రం సరుకు నిలవ ఉండేది. కుర్రకారు ఆ నిలవ చుట్టూ ఈగల్లా ముసిరింది. తెల్లవారుజాము మాటలకి వినే చెవులు కరువయ్యాయి.

కొకోరేకి మాత్రం ఏం తక్కువైంది? గిన్నెలు కావాలని కుక్కతో అంటే గిన్నెలొచ్చేవి, కత్తి మొద్దుబారిందంటే కొత్త కత్తి వచ్చేది. అన్నీ అక్కచెల్లెళ్ళతో పంచుకునేది. టోపీ పెట్టుకున్నా అల్లుడు అల్లుడే కదా అనుకునేది.

ఆ ఎండాకాలం దుంగల వ్యాపారి దిగాడు. అతనికి కావలసిన ఎర్రచెక్క మాన్లు ఏటి అవతల అడవి లోపల ఎక్కడో ఉన్నాయి. అక్కడికి యంత్రాలు వెళ్ళాలంటే బాట వేయాలి, ఆ బాట కొకోరే కాయల తోపు మీదుగా పోవాలి. కొబ్బరికాయంత చిప్ప పగలగొడితే లోపల జీడిపప్పులా కొవ్వుగింజలుండే పెద్దచెట్ల తోపు అది. వానాకాలమంతా ఆ ఇంటి పిల్లలు తినేది అవే. అక్కడ కాయలేరుకునే హక్కు తల్లి నుంచి కొకోరేకి వచ్చింది, ఆమె నుంచి ఇరేమోకి పోవాలి. ఒక్కో చెట్టూ ఆమె అమ్మమ్మకి అమ్మమ్మ నాటికే ముసలిది.

బెప్కుమ్ ఇంకా ఒప్పుకోలేదని ఇరేమో తల్లికి చెప్పింది. "వాళ్ళొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపేస్తున్నాడమ్మా. అత్తగారి చెట్లంటే అంత భయమేంటయ్యా అని వాళ్ళు ఎగతాళి చేస్తున్నారంట."

"భయపడేవాడు వద్దని చెప్పాలిగానీ రేపు రమ్మని చెప్తాడా?" అంది కొకోరే, కుక్క వంక చూస్తూ. అవతల గోడవైపు తిరిగి తింటున్న బెప్కుమ్ నమలడం ఆపాడు. అత్తకి ఎదురు మాట అనకూడదు.

ఓ పొద్దున వ్యాపారి తిన్నగా ఊరి నడుమకే వచ్చేశాడు. ఈసారి తోపు సంగతి తేల్చుకోకుండా కదలనన్నాడు. బెప్కుమ్ పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు తకాక్మే ఈకల కిరీటం పెట్టుకుని సావిట్లోంచి బయటికొచ్చాడు. పరాయివాడి ముందు ఏనాడూ విప్పని గొంతు విప్పాడు. ఆ తోపు ఎవరిదో, అక్కడ కాయలేరిన ఆడవాళ్ళ పేర్లేమిటో, ఒక్కటీ వదలకుండా నాయకుల పద్ధతిలో చెప్పాడు. ఎన్నాళ్ళకో ఆ రోజు ఊరంతా విన్నది.

వ్యాపారి ఓపిగ్గా నిలబడ్డాడు. అయిపోయాక తల వంచి బెప్కుమ్‌ని ఏదో అడిగాడు. బెప్కుమ్ ముక్తసరిగా ఏదో జవాబు చెప్పాడు. వ్యాపారి ఓహో అన్నట్టు తలూపి, జేబులోంచి బిస్కెట్ పొట్లం తీసి తకాక్మే చేతిలో పెట్టి, భుజం తట్టాడు. ఆకలితో గొణుక్కునే ముసలాయనకి పెట్టినట్టు పెట్టాడు.

తకాక్మే పొట్లం వంక చూశాడు. చేతికొచ్చింది నాయకుడు ఉంచుకోకూడదు. చించి, చుట్టూ ఉన్న పిల్లలకి తలో బిస్కెట్టూ పంచాడు. తనకేం మిగల్లేదు. అది చూసి వ్యాపారి ముచ్చటపడి నవ్వాడు.

ఆ నవ్వుతో కొకోరేకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి ఊరి నడుమకి నడిచింది. వ్యాపారి దగ్గరికి కాదు, వాడెవడో ఆమెకి అక్కర్లేదు. అల్లుడి ముందు నిలబడింది.

"బెప్కుమ్."

పేరు పెట్టి పిలిచింది. బెప్కుమ్ టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

"అది తీసి నా మొహంలోకి చూడు. నువ్వు రేవుకి పోయింది నేను పంపితే. కబురు తెమ్మన్నాం. వాడు మా అన్న చేతిలో బిస్కెట్టు పెడుతుంటే చూస్తూ నిలబడమన్నామా? వాళ్ళ దగ్గర గలగలా మాట్లాడతావుగా, ఇప్పుడు నోరు పడిపోయిందా? ఇయ్యాల్టి నుంచి నా ఇంట్లో నీకు పొయ్యి లేదు. నీ చాప బయట పడేస్తా. ఆ టోపీ కిందే కాపురం చేసుకో."

"ఎంత పని చేశావే" అన్నాడు తకాక్మే, ఆమెకి మాత్రమే వినపడేటట్టు. అన్నకి భయమేసిందనుకుంది కొకోరే. ఇన్నేళ్ళ భయం వల్లే ఊరు ఇలా తగలడిందనుకుంది.

బెప్కుమ్ ఇంట్లోకి వెళ్ళి చాప, విల్లు, రేడియో తెచ్చుకున్నాడు. వెనకాలే ఇరేమో బిడ్డని చంకనేసుకుని బయటికొచ్చింది. కూతురు తల్లి ఇల్లు వదిలి పోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. నువ్వెక్కడికే అని కొకోరే అరిచింది. "ఆయన్నొక్కణ్ణే గెంటాననుకున్నావా అమ్మా?" అని ఇరేమో వెనక్కి చూడకుండా నడిచింది.

విమానం దిగే మైదానం పక్కన వ్యాపారి ఇచ్చిన చెక్కలతో, రేకుల కప్పుతో బెప్కుమ్‌కి ఇల్లు లేచింది. తలుపు పెట్టారు, తలుపుకి తాళం పెట్టారు. తాళం వేసుకునే మనిషిని ఊరు చూడటం అదే మొదలు. కొకోరే చూసి వెటకారంగా నవ్వింది. కప్పుంది గానీ కింద అత్త లేదు, అదేం ఇల్లమ్మా అంది. అత్తిల్లు లేని మగవాడికి సావిట్లో పెళ్లికాని కుర్రాళ్ళ పక్కన తప్ప చోటుండదు. వాడి మాట ఎవడు వింటాడు? నాలుగు రోజులు పోతే బిడ్డనెత్తుకుని ఇద్దరూ తిరిగొస్తారు. అప్పుడు కుక్కతో చెబుతుంది, వాళ్ళని లోపలికి రమ్మని.

వాళ్ళు రాలేదు. కుర్రాళ్ళే ఆ రేకుల ఇంటికి పోయారు. కుబెన్లకైతే మరీ నచ్చింది. సొంత ఇల్లూ తాళమూ ఉన్నవాడే వాళ్ళ లెక్కలో పెద్దమనిషి.

ఒకనాడు తకాక్మే వచ్చి చెల్లెలి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు వ్యాపారి అడిగిందేమిటో, బెప్కుమ్ చెప్పిందేమిటో సావిట్లో అతన్నే అడిగి తెలుసుకున్నాడట. ఈ ముసలాయన ఎవరని అడిగితే, మా అత్తకి అన్న అని చెప్పాడట.

"అంతేనా? నాయకుడని చెప్పలేదా?"

"వాడికి అంతకన్నా పెద్ద మాట లేదే. ఆ కుబెన్‌కి అది మాటే కాదు." తకాక్మే కాసేపు నిప్పు ఎగదోశాడు. "నేను తెల్లారి చెప్పే మాటల వల్ల నిలబడిందనుకున్నావా నీ తోపు? వాడు నీ పొయ్యి దగ్గర కూర్చుని తినేవాడు. నిన్ను చూస్తే వాడికి సిగ్గు. వద్దని వాళ్ళకీ చెప్పలేడు, సరేనని నీకూ చెప్పలేడు. అలా రోజులు గడిచాయి. వాడికి కట్టిన తాడు అదొక్కటే. దాన్ని నువ్వే కోసేశావు."

కొకోరేకి ఒక్కసారిగా అందరి మీదా కోపం వచ్చింది. వ్యాపారి మీద, టోపీ మీద, ఎముకలు లెక్కపెట్టి నవ్విన తన నోటి మీద. అన్నీ వచ్చి అన్న మీద పడ్డాయి. "ఇంత ఊరుంది, నువ్వున్నావు, నీ గొంతుంది. ఆఖరికి నా తోపుని ఒక అల్లుడి సిగ్గు కాయాల్సి వచ్చిందా? ఆ మాట ముందే ఏడవొచ్చుగా." తకాక్మే లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లవారుజామున అతని గొంతు వినపడలేదు.

యంత్రాలు ఏరు దాటాయని తెలిసిన పొద్దున కొకోరే ఇంకో నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని తోపుకి వెళ్ళింది. అప్పటికే మొదటి చెట్టు పడి ఉంది. పచ్చికాయలు నేలంతా చెదిరి ఉన్నాయి. ఆమె పరుగున పోయి రంపం పెట్టబోతున్న చెట్టుకి వీపు ఆనించి కూర్చుంది. రంపం పట్టుకున్నవాడు, యంత్రాల పక్కన నిలబడ్డ బెప్కుమ్ వంక చూశాడు.

బెప్కుమ్ దగ్గరికొచ్చాడు. టోపీ కిందికి లాక్కోలేదు. తల తిప్పుకోలేదు. ఆమె మొహంలోకి తిన్నగా, ఊళ్ళో ఏ ఆడమనిషి మొహంలోకైనా చూసినట్టు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. సిగ్గూ లేదు. ఉమ్మేద్దామనుకుంది, నోరు ఎండిపోయింది.

"కూర్చో కొకోరే, ఎండగా ఉంది" అన్నాడు. "ఆ ఒక్క చెట్టూ నీకు ఇచ్చేస్తున్నాలే."

రంపంవాడికి పక్క చెట్టు చూపించాడు.