కుడివైపు మెట్టు

"పిల్లర్ తగిలితే గిట్ల పోదు మేడం," అన్నాడు నర్సింగ్ బండి కిందనుంచే. "పిల్లరైతే పక్కకెల్లి గుద్దుతది. ఇది కిందికెల్లి మీదికి గుద్దింది. రాయి దెబ్బ ఇది."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న శేషుకుమారి తల తిప్పి కూతురి వైపు చూసింది. విజేత ఫోన్లో ఏదో ముఖ్యమైనది చదువుతున్నట్టు నటించింది.

విజేత అరబ్బు దేశంలోని రుస్తాఖ్‌లో డాక్టరు. ప్రతి ఆదివారం కొండ మీది పల్లెల్లో క్లినిక్ చూడడానికి తన పాత ల్యాండ్ క్రూజర్‌లో వెళ్తుంది. వానొస్తేనే పారే వాదీలో, రాళ్ల మీద గంట ప్రయాణం. ఆపైన కొండ అంచున ఇంకో గంట. ఆ బండికి ఎడమవైపు, అంటే అక్కడ డ్రైవరు కూర్చునే వైపు, తలుపు కింద రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆసుపత్రి పార్కింగ్‌లో పిల్లర్‌కి తగిలిందని నెల క్రితం కూతురు చెప్తే శేషుకుమారి నమ్మింది. నమ్మడమే కాదు, పిల్లర్ నడిచొచ్చి గుద్దుతుందా, నువ్వే చూసుకోవాలి అని రెండు రోజులు సణిగింది కూడా.

"ఏ రాయే అమ్మడూ?"

"చిన్న రాయిలే అమ్మా."

"చిన్నదా?" బండి కింద నవ్వు వినిపించింది. "ఆ దినం తలుపు తెరుసుకున్నదా మేడం?"

విజేత ఫోన్ దించి తలుపు వైపు చూసింది. తెరుచుకోలేదని శేషుకుమారికి అర్థమైంది. మిగతాది ఒక్కొక్క ముక్కగా లాగింది. వాదీ మధ్యలో బండి వెళ్లి బండరాయి మీద కూర్చుంది. రేకు నొక్కుకుని తలుపు బిగుసుకుపోయింది. పైన ఎక్కడో వాన పడి చక్రాల కిందికి నీళ్లొస్తున్నాయి. పిల్ల గేరు మీదుగా పక్క సీట్లోకి పాకి, కుడివైపు తలుపులోంచి దూకింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి, వాటి దయవల్ల అక్కడే ఆగాయి.

"నాకు జ్వరమొచ్చి నేను రాని రోజేనా?"

"అదే."

శేషుకుమారి మనసులో లెక్క వేసుకుంది. నాలుగేళ్లలో కూతుర్ని కొండ మీదికి ఒంటరిగా పంపింది ఆ ఒక్క ఆదివారమే. మిగతా అన్నిసార్లూ పక్క సీట్లో తనుంది. క్లినిక్ వెనక గదిలో పుస్తకం పట్టుకుని కూర్చుని, పని అయ్యాక మళ్లీ ఆ పక్క సీట్లోనే దిగొచ్చేది. తను లేని రోజే ఇలా అయింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

నర్సింగ్ బయటికొచ్చి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. నలభై దాటిన మనిషి. జగిత్యాల దగ్గర ఊరు. పదహారేళ్లుగా ఈ సనాయియాలోనే, ఈ వర్క్‌షాపుల వరసలోనే వెల్డింగ్ పని. తలుపు కింద అడ్డుగా బిగించడానికి గోడకు ఆనించి ఉన్న మూడు రకాలు చూపించాడు.

ఒకటి తళతళలాడే అల్యూమినియం పలక, దానికి దీపాలు కూడా ఉన్నాయి. "ఇది సోకులకు. మాల్ ముంగట దిగనీకి మస్తుంటది. రాయి తాకితే అప్పడమే." ఇంకొకటి డబ్బాలో వచ్చిన తయారు సరుకు. బోల్టులతో బిగించేది. అది మంచిదే కానీ ఈ పాత బండికి కొలతలు కలవవన్నాడు. మూడోది అతను స్వయంగా చేసేది. నల్లటి మందపాటి ఇనప పైపు, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా వచ్చేంత పొడుగు. శేషుకుమారి దాని కొన ఎత్తబోయి, వదిలేసింది.

"రాక్ స్లైడర్ అంటరు పెద్దమ్మా. పేరు పెద్దగుంటది గని ముచ్చట చిన్నదే. దీన్ని రేకుకు పెట్టం, ఛాసిస్‌కు పెడతం. ఛాసిస్ అంటే బొక్క, రేకంటే తోలు. బండి రాయి మీద పడ్డదనుకో, బరువంత పైపు మీదనే ఉంటది. పైపు రాయి మీదికెల్లి జారిపోతది. తలుపు జోలికి రాదు."

"జారిపోతే ఎలా బాబూ? లోయలో పడదూ?"

"అమ్మా, అతన్ని చెప్పనీ," అంది విజేత.

"అడుగనీయుండ్రి మేడం. మా అర్బాబుకన్న మంచిగనే అడుగుతున్నది," అన్నాడు నర్సింగ్. అర్బాబంటే ఆ షాపు యజమాని. "గా జారుడు కాదు పెద్దమ్మా. ఆగకుండ ముంగటికి పోవుడు. అందుకే ఈ పైపు కిందికి ఏలాడొద్దు. బండి కడుపుకు అతికినట్టుండాలె. ఇగో, ఈ ఫుట్‌బోర్డు తీసేస్తున్న."

అప్పటిదాకా శేషుకుమారికి తట్టలేదు. ఆ ఫుట్‌బోర్డు మీద కాలు మోపే ఆమె బండెక్కేది. పైపు ఉండబోయే ఎత్తు కంటితో కొలుచుకుంది. తన మోకాలు అంత పైకి లేచి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలీదు.

"మరి నేనెక్కడ కాలు పెట్టాలి?"

నర్సింగ్ పైపును చూశాడు. ఆమె కాళ్లను చూశాడు.

"అమ్మ ఎక్కే వైపు కింద ఒక మెట్టు పెట్టలేవా నర్సింగ్?" అంది విజేత.

అతను ఏదో చెప్పబోయాడు. శేషుకుమారి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అతని మొహంలోకే చూస్తోంది.

"పెడత పెద్దమ్మా," అన్నాడు.

గురువారం సాయంత్రానికి పని అయిపోయింది. నొక్కుకుపోయిన రేకు సాపు చేసి, రెండు వైపులా పైపులు బిగించి, కుడివైపు పైపుకి జానెడు కిందికి ఒక మెట్టు వేలాడదీసి వెల్డింగ్ చేశాడు. కాలు జారకుండా దాని మీద గీతలు కూడా కొట్టాడు. తర్వాత జాకీ తెచ్చి సరిగ్గా పైపు కిందే పెట్టి, రెండు చక్రాలు గాల్లోకి లేచేదాకా ఎత్తాడు. ఇనుము కిర్రుమనలేదు.

"ఇప్పుడు తలుపు తెరువు పెద్దమ్మా."

ఆమె భయపడుతూ వేలితో లాగితే తలుపు మెత్తగా వచ్చేసింది. శేషుకుమారి పర్సులోంచి కుంకుమ పొట్లం తీసి పైపుకి బొట్టు పెట్టింది. తర్వాత మెట్టుకీ పెట్టింది.

శనివారం మధ్యాహ్నం విజేత రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతుండగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే నర్సింగ్. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"పెద్దమ్మా, ఒక తప్పు చేసిన."

కిందికి రమ్మన్నాడు. గోడ నీడలో బండి ఉంది. వర్క్‌షాపు పికప్ దాని వెనకే నిలబెట్టి ఉంది.

"ఖాదర్‌వలి అని కడపాయన, ఆ కొండ మీదికి గ్యాస్ సిలిండర్లు తీస్కపోతడు. మొన్న మీ బండి పోతుంటె సూసిండు. 'ఏం రా నర్సింగూ, స్లైడరు పెట్టి దానికి గాలం ఎందుకు కట్టినావు, రాళ్లు పట్టేదానికా' అని నవ్విండు. ఆయన నవ్విండు గని నాకు నవ్వు రాలే."

కాంపౌండు గోడ మీద అరచేయి ఆనించి ముందుకు జరిపాడు. చేయి సాఫీగా జారింది. ఒక్క వేలు మడిచి మళ్లీ జరిపాడు. వేలు ఇటుక సందులో తట్టుకుని చేయి ఆగిపోయింది.

"గీ ఏలే ఆ మెట్టు. రాయికి పడితే బండి ముంగటికి పోదు, ఎనకకు రాదు. ఏలాడుతది."

శేషుకుమారి ఆ మడిచిన వేలినే చూసింది. "తెలిసే పెట్టావా?"

"తెలుసు. పెద్దమనిషి మొఖం ముంగట కూసొని అడిగితే లేదనేందుకు నోరు రాలే. ఇంట్ల మా అవ్వకు లేదని చెప్పి ఎరుగను. అదే అలవాటు ఈడికి తెచ్చిన. అర్బాబు అడిగితే కాదంటుంటి." తల వంచుకున్నాడు. "గ్రైండర్ తెచ్చిన. డాక్టరమ్మను లేపుండ్రి, చెప్పి కోస్త."

"అది లేస్తే కొయ్యనివ్వదు," అంది శేషుకుమారి. ఆ వెంటనే గొంతు పెరిగింది. "అయినా నువ్వు పెట్టడమేమిటి, నువ్వే కొయ్యడమేమిటి? రేపు తెల్లారితే ఆదివారం. నేనెలా ఎక్కాలి?"

"స్టూల్ ఏసుకొని ఎక్కుండ్రి."

"స్టూలా!" ఆమె మొహం విప్పారింది. ఇంత చిన్న ఉపాయం తనకు తట్టనందుకు సిగ్గు కూడా వేసింది. వంటగదిలో నీలం స్టూలు ఉంది. ఎక్కాక విజేత దాన్ని తీసి వెనక పడేస్తుంది, అంతే కదా. దిగేటప్పుడు మళ్లీ విజేత దిగి, చుట్టూ తిరిగొచ్చి, స్టూలు తీసి, వేసి, తన చేయి పట్టుకుని...

ఆ ఊహ దగ్గర ఆమె ఆగిపోయింది. కుడివైపు తలుపు వైపు చూసింది.

"ఆ రోజు అది ఇటు నుంచే దూకింది," అంది నెమ్మదిగా. "నా సీట్లోంచి."

నర్సింగ్ కూడా ఆ సీటు వైపే చూశాడు.

"అందులో నేనుంటే?"

అతను టోపీ వైపు చూస్తూ నిలబడ్డాడు. అబద్ధం చెప్పే మనిషైతే అప్పుడే ఏదో ఒకటి అనేవాడు. నిజం చెప్పడానికి నోరు లేదు కాబట్టి ఊరుకున్నాడు.

తను పక్కనుంటే ఏమీ కాదని నాలుగేళ్లు నమ్మింది శేషుకుమారి. ఆ నమ్మకం ఎక్కడిదో ఆమెకు తెలుసు. భర్త సత్యనారాయణమూర్తి ఈ దేశంలోనే దూరాన దుక్మ్ అనే చోట సైట్ ఇంజినీరుగా ఉండేవాడు. సెలవు అయిపోయి తెల్లవారకముందే బయల్దేరుతూ, పడుకో, నువ్వెందుకు లేవడం అన్నాడు. ఆమె లేవలేదు. బూట్లు వేసుకుంటున్న చప్పుడు, తలుపు మెల్లిగా చేరవేసిన చప్పుడు మగతలో వింది. మూడో రోజు సైట్‌లోనే గుండె ఆగిపోయిందని ఫోనొచ్చింది. ఆ రోజు లేచి గుమ్మంలో నిలబడి ఉంటే ఏం ఆగేదో ఆమె ఎన్నడూ చెప్పలేకపోయింది. కానీ అప్పట్నుంచి ఎవరినీ గుమ్మం దగ్గర వదిలే పని పెట్టుకోలేదు. వాళ్లతోపాటు తనూ బయల్దేరితే ఇక సాగనంపడమే ఉండదు కదా.

"నువ్వు ఊరి నుంచి వచ్చేటప్పుడు మీ ఆవిడ ఏం చేస్తుంది నాయనా?" అని అడిగింది హఠాత్తుగా.

నర్సింగ్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "సునీతనా? బయటికి రాదు పెద్దమ్మా. గోడ దిక్కు తిరిగి ఉల్లిగడ్డలు కోస్తది. కిలోలకు కిలోలు. నేను పోయినంక వారం దినాలు ఇంట్ల ఉల్లిగడ్డ కూరేనట. పిల్లలు ఫోన్ల మొత్తుకుంటరు."

శేషుకుమారికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది.

"కోసెయ్," అంది.

వాచ్‌మన్ గదిలోంచి వైరు లాగారు. నిప్పురవ్వలు గోడ దాకా ఎగిరాయి. ఆ గోలకు మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. రెండు నిమిషాల్లో విజేత చెదిరిన జుట్టుతో, ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకుని కిందికొచ్చింది.

"ఏం చేస్తున్నారు? నర్సింగ్, ఆపు! అమ్మా, ఏంటిది?"

"అయిపోయిందే, అరవకు. వీధంతా చూస్తోంది."

మెట్టు అప్పటికే నేల మీద పడి ఉంది. నర్సింగ్ కోసినచోట నున్నగా గీకుతున్నాడు, తల ఎత్తకుండా.

"రేపు నువ్వెలా వస్తావు?"

"రాను."

విజేత తల్లిని ఎగాదిగా చూసింది. జ్వరమేమోనని నుదుటి మీద చేయి పెట్టింది. శేషుకుమారి ఆ చేయి తీసి పట్టుకుంది.

"ఆ రోజు దూకినట్టే మళ్లీ దూకాల్సొస్తే, నువ్వు దూకుతావా, నన్ను దింపుతావా?"

"అదేం ప్రశ్న అమ్మా..."

"జవాబు నాకు తెలుసు కాబట్టే అడిగాను."

విజేత నేల మీది మెట్టును కాలితో పక్కకు జరిపింది. "ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు? పొద్దుగూకులూ భయపడుతూ కూర్చుంటావు," అంది.

"కూర్చుంటాను. ఇక్కడ కూర్చుని భయపడితే నీకేం అడ్డం?"

"గది నిజమే మేడం," అన్నాడు నర్సింగ్, నల్ల పెయింటు డబ్బా మూత తీస్తూ.

ఆదివారం ఆరింటికే శేషుకుమారి స్నానం చేసి, అలవాటు కొద్దీ ప్రయాణానికి కట్టుకునే చీరే కట్టుకుంది. టిఫిన్ డబ్బా, నీళ్లు, తువ్వాలు పక్క సీట్లో పెట్టమంది. తర్వాత తనే, "వద్దు, వెనక పెట్టు, ఆ సీటు ఖాళీగా ఉండనీ," అంది. విజేత అలాగే వెనక పెట్టింది. బండి కదిలింది. గుమ్మంలో నిలబడాలనుకున్న మనిషి గేటు దాకా, గేటు దాటి రోడ్డు దాకా నడిచింది. ఖర్జూర తోట మలుపు దగ్గర బండి మళ్లి కనిపించకుండా పోయాక కూడా ఆ మలుపునే చూస్తూ నిలబడింది.

ఎనిమిదయింది. వాదీలో సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసీ నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది. రెండు కోసి, ఇది తన వల్ల కాదని లేచింది. ఆకాశం చూసింది. కొండల వైపు మబ్బు లేదు. దూరంగా ఒక చిన్న తునక ఉందేమోనని కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసింది.

తొమ్మిదింపావుకి ఫోన్ మోగింది.

"చేరాను అమ్మా."

"రాయి తగిలిందా?"

అటువైపు కొంచెం ఆలస్యమైంది. మళ్లీ పిల్లర్ కథ ఏదైనా చెప్తుందా అని ఆమె ఎదురుచూసింది.

"తగిలింది," అంది విజేత. "పెద్ద చప్పుడే అయింది. బండి ఒక పక్కకు ఒరిగింది. పైపు రాయి మీద బరబరా రాసుకుంటూ పోయి దిగింది. దిగి చూశాను, పెయింటంతా లేచిపోయింది."

"ఏ వైపు?"

"కుడివైపు. నర్సింగ్ మెట్టు కోసిన చోటే."

శేషుకుమారి సోఫా అంచున కూర్చుంది. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. కూతురి వెనక ఎవరో పసిపిల్ల ఏడుపు, అరబీలో ఎవరో ఆడమనిషి ఓదార్పు వినిపిస్తున్నాయి.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను." ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "తిరిగొచ్చేటప్పుడూ ఆ రాయి అక్కడే ఉంటుంది కదే?"

విజేత నవ్వింది. "ఉంటుంది అమ్మా. ఎక్కడికి పోతుంది?"

"అయితే మెల్లిగా రా," అంది శేషుకుమారి. "తొందరేం లేదు. నేనిక్కడే ఉంటాను."